రెంటల్ కారుని ఫెర్రీ ఎక్కించి హారిస్ దీవికి తీసుకెళ్ళొచ్చా? అమ్మానాన్నలతో వెళ్తున్నాం, సలహా కావాలి

కోనసీమ_కుర్రాడు:

అందరికీ నమస్తే అండి. మేం ఎడిన్‌బరాలో ఉంటాం, సొంత కారు లేదు, బస్సు ట్రాముల మీదే నెట్టుకొచ్చేస్తున్నాం. ఆగస్టులో అమ్మా నాన్నా వస్తున్నారు. లాక్ నెస్, స్కై అందరూ వెళ్ళేవే కదా ఈసారి ఇంకాస్త అవతలికి పోదాం అని మా ఆవిడ పట్టు, ఏదో వీడియోలో హారిస్‌లోని లస్కెన్‌టైర్ బీచ్ చూసింది, ఆ తెల్ల ఇసుకా ఆ నీళ్ళ రంగూ చూసి ఇది స్కాట్లాండేనా అని నాక్కూడా అనుమానం వచ్చింది, అప్పట్నుంచి ఇంట్లో ఇదే గొడవ.

ప్లాన్ ఏంటంటే గురువారం ఇక్కడ కారు తీసుకుని ఇన్వర్‌నెస్ దగ్గర ఓ రాత్రి ఆగి, శుక్రవారం పొద్దున్న అల్లపూల్‌లో ఫెర్రీ ఎక్కి స్టోర్నవేలో దిగి, అక్కణ్ణుంచి కిందికి హారిస్ వెళ్ళి రెండు రాత్రులు ఉండి ఆదివారం వెనక్కి. మంగళవారం వాళ్ళకి హైదరాబాద్ ఫ్లైటు. కార్ల వెబ్‌సైట్లు నాలుగు చూశాను, ఆటోమేటిక్ అయితే రేటు దాదాపు డబుల్ చెప్తున్నారు, సరే అది నా ఖర్మ.

నా డౌట్లు. అద్దె కారుని సముద్రం దాటిస్తే కంపెనీ వాళ్ళు ఒప్పుకుంటారా? ఫెర్రీ బుకింగ్‌లో కారు నంబరు అడుగుతున్నాడు, మనకి ఆ రోజు తాళం చేతికొచ్చేదాకా నంబరు తెలియదు కదా, ఏం రాయాలి? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కినా కడుపులో తిప్పుతుంది, రెండున్నర గంటల పైన ఓడలో తట్టుకుంటుందా? నాన్నని అడిగితే "మన సఖినేటిపల్లి రేవులో పంటు మీద నరసాపురం పోవట్లేదురా, అంబాసిడర్లూ ట్రాక్టర్లూ ఎక్కించాం, దానికింత ఆలోచనేంటి" అంటున్నారు. ఆయన ధైర్యం చూస్తే నాకు భయం ఎక్కువవుతోంది.

ఏనైన్_డ్రైవర్:

కుర్రాడు గారూ, నేను ఇన్వర్‌నెస్‌లో పదేళ్ళుగా ఉంటున్నానండి, ఈ రూట్లో చాలాసార్లు వెళ్ళాను, రెండుసార్లు అద్దె కారుతోనే.

ఫెర్రీ వాళ్ళకి కారు మీదా అద్దెదా అన్నది పట్టదు, పొడవెంత ఎత్తెంత అంతే. అడ్డు చెప్తే అద్దెకిచ్చేవాడే చెప్పాలి. ఒక్కో కంపెనీది ఒక్కో రూలు. కొందరు మామూలుగానే ఒప్పుకుంటారు, కొందరు ముందే చెప్పి పర్మిషన్ తీసుకోమంటారు, కొందరు మెయిన్‌ల్యాండ్ దాటకూడదని కాగితంలో చిన్నక్షరాల్లో రాసేస్తారు. కౌంటర్లో కుర్రాడు నవ్వుతూ ఏం పర్లేదు అంటాడు, ఆ మాట నమ్మకండి, ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. ఏం అడగాలంటే మూడే. లూయిస్ (స్టోర్నవే ఉన్న వైపు), హారిస్‌కి కారు తీసుకెళ్ళొచ్చా, ఓడ మీద ఉండగా కారుకి గీత పడితే ఇన్సూరెన్స్ ఉంటుందా, దీవిలో బండి ఆగిపోతే టోయింగ్ ఎవరు చూస్తారు. మూడోదానికి జవాబు సరిగ్గా రాదు, రానప్పుడు ఇంకోసారి అడగండి.

కానీ మీరు మొదలెట్టిందే తిరగేసి మొదలెట్టారు. ముందు కారు చూస్తున్నారు. ముందు ఫెర్రీలో కారుకి చోటు, తర్వాత ఉండటానికి ఇల్లు, కారు ఆఖర్న. ఎందుకంటే ఆగస్టులో ఎంత రేటైనా ఎడిన్‌బరాలో ఏదో ఒక కారు దొరుకుతుంది, అల్లపూల్ నుంచి స్టోర్నవేకి జనాన్నీ కార్లనీ మోసేది ఒక్కటే పెద్ద ఓడ. లాక్ సీఫోర్త్ దాని పేరు, 2015లో వచ్చింది, ఏడొందల మంది, నూట నలభై పైచిలుకు కార్లు పడతాయి. వినడానికి చాలానే ఉంది గానీ అందులో సరుకు లారీలు, క్యాంపర్ వ్యాన్లు, ఆసుపత్రికో పెళ్ళికో వచ్చి తిరిగి వెళ్ళే దీవి జనం కార్లు, అన్నీ పోను మనకి మిగిలేది ఎంతండి. పైగా 2008లో రోడ్డు మీద అంత దూరం వెళ్తే ఎంతవుతుందో దాన్ని బట్టి టికెట్ రేటు పెట్టే పద్ధతి ఈ దీవులకి తెచ్చారు, అప్పట్నుంచి వేసవిలో కార్ల తాకిడి బాగా పెరిగింది. ఒట్టి మనుషులైతే ఆఖరి నిమిషంలో కూడా దొరుకుతుంది, కారుకే కష్టం.

నంబరు సంగతి, నేను ఫోన్ చేసి హైర్ కారు, నంబరు ఇంకా తెలియదు అని చెప్పి బుక్ చేశాను, కారు చేతికొచ్చాక మళ్ళీ చెప్తే మార్చారు. నంబరు కన్నా సైజు ముఖ్యం. మీరు చిన్న కారు అని బుక్ చేశాక రెంటల్ వాడు ఫ్రీ అప్‌గ్రేడ్ అని వ్యాన్ లాంటిది చేతిలో పెడితే సంతోషించకండి, అక్కడ చెక్-ఇన్‌లో ఇబ్బంది. ఇంకోటి, కారు తీసుకోగానే నంబర్ ప్లేట్ ఫోటో తీసి పెట్టుకోండి, ఎందుకో ఓడెక్కాక తెలుస్తుంది.

ఆదివారం వెనక్కొచ్చి మంగళవారం ఫ్లైటు అంటున్నారు. ఆ మధ్య సముద్రం పేరు మించ్, దానికి ఆగస్టు అని తెలియదు. గాలి ఎక్కువైతే ఓడ కదలదు. క్యాన్సిల్ అయితే టికెట్ మారుస్తారు గానీ కారు ఒక రోజు లేటైతే రెంటల్ వాడు ఊరుకోడు, ఫ్లైటు అసలే ఊరుకోదు. ఇంకో రెండు రోజులు గ్యాప్ పెట్టండి.

గోంగూర_గ్లాస్గో:

అన్నా, పైన చెప్పిన టోయింగ్ ముచ్చట లైట్ తీస్కోకు. మాకు ఏమైందో చెప్త విను.

పోయినేడు జూన్‌ల మేం నలుగురు దోస్తులం పోయినం. హారిస్ తూర్పు దిక్కు గోల్డెన్ రోడ్ అని ఉంటది, పేరు చూసి ఏదో అనుకోకు, ఒక్క బండి పట్టే రోడ్డు, రాళ్ళ మధ్యలకెల్లి పాము లెక్క తిరుగుతది. ఎదురుంగ వ్యాన్ వస్తుందని నేను పక్కకి తీసిన, తారు అంచు పగిలి ఉన్నది, రాయి తలిగి టైరు పక్క గోడ బొటనవేలు పట్టేంత చీరింది. డిక్కీ తెరిచి కార్పెట్ లేపి చూస్తే స్టెప్నీ లేదు! చిన్న పంపు, ఒక బాటిల్ల గమ్ము. మేకు గుచ్చుకుంటే ఆ గమ్ము పన్జేస్తది, పక్క గోడ చీరితే ఏం జెయ్యదు, తెల్లగ నురగ లెక్క బయటికొచ్చింది అంతే.

అప్పుడు టైం శనివారం సాయంత్రం ఐదున్నర. రెంటల్ వాళ్ళ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు మ్యూజిక్ వినిపిచ్చిండ్రు, ఆఖరికి ఒకామె మీ లొకేషన్ మా కవర్‌ల లేదు, మీరే గ్యారేజ్ చూస్కోండి, బిల్లు దాచుకోండి అన్నది. దాచుకున్నం, పైసలైతే ఇయ్యాల్టిదాక రాలే. టైర్లు, అద్దాలు మామూలు ఇన్సూరెన్స్‌ల రావంట, అది సంతకం పెట్టినంక తెలిసింది. ఊళ్ళె ఒక పెద్దమనిషి ట్రాక్టర్‌తోని కారు పక్కకి గుంజి, మమ్మల్ని ఆయన బండిల రూమ్ కాడ దింపి, "సోమవారం" అని ఒక్కటే మాట అన్నడు. ఆదివారం ఏం లేదు అక్కడ. గ్యారేజ్ బంద్, షాపులు బంద్, జనం చర్చికి పోతరు, వచ్చి ఇంట్ల కూసుంటరు. మేం ఆ రోజంత కిటికీలకెల్లి గొర్రెల్ని లెక్కవెట్టినం. సోమవారం పొద్దుగాల్ల స్టోర్నవేకెల్లి టైరు వచ్చింది, ఫెర్రీ మిస్, రెంటల్ ఒకరోజు ఎక్కువ.

గందుకే కారు తీస్కునేటప్పుడే స్టెప్నీ ఉన్నదా అని డిక్కీ తెరిచి చూడు, లేకుంటే ఉన్న కారే ఇయ్యమని అడుగు. టైరు, అద్దం కవర్ ఎగస్ట్రా కట్టు. అన్నా ఇంకో మాట, అంత అయినంక కూడ మళ్ళ పోవాల్నని ఉన్నది నాకు.

కోనసీమ_కుర్రాడు:

అమ్మో. స్టెప్నీ లేకుండా కారు ఇస్తారని నాకు తెలియనే తెలియదు అండి. ఆదివారం ప్రయాణం వద్దు, సోమవారం వెనక్కొచ్చి ఫ్లైటు గురువారానికి మారుస్తాను, నాన్న ఎగిరి గంతేస్తారు. ఫెర్రీలో శుక్రవారం పొద్దున్న అసలు ఖాళీ లేదు, శుక్రవారం మధ్యాహ్నానికి ఒకటి దొరికింది, ఈ పోస్టు రాసే ముందే బుక్ చేసేశాను. ఇంక రూమ్ వెతకాలి.

అవకాయ_అబర్డీన్:

తమ్ముడూ, నేను మాత్రం కారు ఓడెక్కించకు అనే చెప్తాను. మేం ఎలా చేశామంటే ఇన్వర్‌నెస్ దాకా రైలు, అక్కణ్ణుంచి అల్లపూల్‌కి బస్సు ఉంటుంది, గంటన్నర లోపే, ఫెర్రీ టైముకి కలుస్తుంది. మనుషులు ఊరికే నడిచి ఎక్కేశాం. స్టోర్నవేలో లోకల్ రెంటల్ వాళ్ళు ఉన్నారు, ఫెర్రీ దిగేచోటికే కారు తెచ్చి తాళం ఇచ్చారు. బండి కాస్త పాతది, లోపల కుక్క వాసన వచ్చింది, కానీ టైరు పేలితే వాళ్ళే వచ్చేవాళ్ళు, అదే ఊళ్ళో ఉంటారు కాబట్టి. ఫెర్రీలో కారు చోటు దొరకలేదనే బాధా లేదు, మూడు రోజులు దారి పొడుగునా అద్దె కట్టుకోవడమూ లేదు. వాళ్ళ దగ్గర ఉండేవే కొన్ని కార్లు, అందుకని అదీ ముందే చెప్పాలి. నువ్వు టికెట్ కొనేశావు కాబట్టి ఇక సరే, తర్వాత చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను.

అమ్మగారి విషయం. కార్ల డెక్ కింద ఉంటుంది, మనుషులు కూర్చునేది పైన. మధ్యలో ఇనప మెట్లు, నిటారుగా. చెక్-ఇన్ దగ్గరే లిఫ్ట్ కావాలి అని చెప్పు, కారుని లిఫ్ట్ పక్కన ఆపిస్తారు. చెప్పకపోతే గోడకి ఆనించి ఆపిస్తారు, తలుపు సగం తెరుచుకోదు, చీర కట్టుకున్న మనిషి అందులోంచి దిగడం నేను చూశాను, మా అత్తగారే. ఓడ కదిలాక మళ్ళీ కారు దగ్గరికి పోనివ్వరు, అంచేత మందులు, స్వెట్టర్, ఫ్లాస్కు, పులిహోర డబ్బా అన్నీ ముందే సంచిలో పెట్టుకుని పైకి వెళ్ళండి. వాంతులకి అవోమిన్ ఇండియా నుంచి తెచ్చుకుంటారు కదా, ఎక్కాక కాదు ముందే వేసుకోవాలి, బీపీ మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగి. ఎండు ఉసిరికాయ ముక్క నోట్లో పెట్టుకుంటే మా అమ్మకి పనిచేసింది. ఓడ మధ్యలో, కిటికీ పక్కన కూర్చోబెట్టు, ముందు భాగంలో వద్దు అక్కడే ఎక్కువ ఊగుతుంది.

తిండి శనివారమే కొనేసుకోండి. స్టోర్నవే టెస్కో సూపర్‌మార్కెట్ 2024 నవంబర్ నుంచి ఆదివారం కూడా తెరుస్తున్నారు, అదే అక్కడ పెద్ద వార్త అయింది, అసలు ఆదివారం ఓడలు స్టోర్నవే నుంచి మొదలైందే 2009లో. హారిస్‌లో మాత్రం ఆదివారం ఏదో దొరుకుతుందిలే అనుకోవద్దు, పెట్రోలు కూడా. రైస్ కుక్కర్, బియ్యం, పచ్చళ్ళు కారులో వేసుకో. అంటే ఈ ఒక్క విషయంలో సొంతంగా కారు తీసుకెళ్ళడమే మేలు, ఒప్పుకుంటున్నాను.

టీ_ఇరవై_నాలుగ్గంటలు:

జీపీఎస్‌లో ఒట్టి టార్బర్ట్ అని కొట్టకండి బాబోయ్. హారిస్‌లో ఒక టార్బర్ట్, గ్లాస్గోకి పడమర కిన్‌టైర్‌లో ఇంకో టార్బర్ట్, రెండిట్లోనూ ఫెర్రీ రేవు ఉంది, రెండూ ఒకే కంపెనీ ఫెర్రీలు. మా కొలీగ్ ఇలాగే తప్పు టార్బర్ట్‌కి పోయి అక్కడ చేపలు తిని వచ్చాడు. ఊయిగ్ కూడా రెండు. స్కైలో ఉన్నది హారిస్‌కి ఓడ ఎక్కే ఊయిగ్, లూయిస్ పడమట ఉన్నది 1831లో ఇసుకలో పాతకాలపు చదరంగం బొమ్మలు దొరికిన ఊయిగ్. అవి చాలావరకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, పదకొండు మీ ఎడిన్‌బరా మ్యూజియంలోనే, వెళ్ళే ముందు నాన్నగారికి చూపించండి, ఒక బొమ్మ యుద్ధావేశంతో డాలు కొరుక్కుంటూ ఉంటుంది.

కోనసీమ_కుర్రాడు:

సింగిల్ రోడ్డు గురించి ఎవరైనా చెప్తారా, గోల్డెన్ రోడ్ కథ విన్నాక మా ఆవిడ నన్ను డ్రైవ్ చేయొద్దంటోంది.

ఏనైన్_డ్రైవర్:

గోల్డెన్ రోడ్ వదిలేయండి, పడమటి రోడ్డులో వెళ్తే చాలు, బీచ్‌లన్నీ అటే. స్టోర్నవే నుంచి టార్బర్ట్‌కి కొండ దాటుకుంటూ పోయే రోడ్డు వెడల్పుగానే ఉంటుంది, గంట ప్రయాణం. లూయిస్, హారిస్ రెండు దీవులంటారు గానీ నేల ఒకటే, మధ్యలో సముద్రం లేదు.

సింగిల్ రోడ్డు మీద కొంచెం కొంచెం దూరానికి ఒక ఉబ్బు ఉంటుంది, పాసింగ్ ప్లేస్ అని తెల్ల బోర్డు. అది మీ ఎడమ పక్కన ఉంటే అందులోకి వెళ్ళి ఆగండి. కుడి పక్కన ఉంటే అందులోకి దూరకండి, దానికి ఎదురుగా మీ వైపే ఆగితే ఎదుటివాడు అందులోంచి తిరిగి పోతాడు. మనవాళ్ళు ఇక్కడే తప్పు చేస్తారు. ఎనక ఎవరైనా వస్తున్నా ఆగి దారివ్వాలి, వాళ్ళు పనికి పోయేవాళ్ళు, మనం ఫోటోలకి పోయేవాళ్ళం. ఫోటో కోసం అందులో పార్క్ చేస్తే మాత్రం తిట్లే. దాటాక స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తుతారు, మీరూ ఎత్తండి. గొర్రెలకి హారన్ అర్థం కాదు, ఆగి ఉండటమే.

కోనసీమ_కుర్రాడు:

వెళ్ళొచ్చేశామండి! చెప్పిన వాళ్ళందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పర్మిషన్ మెయిల్ తీసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది, మూడో ప్రశ్నకి జవాబు నిజంగానే ఇవ్వలేదు, మళ్ళీ అడిగితే "దీవిలో రికవరీ ఖర్చు కస్టమర్‌దే" అని ఒక్క లైను వచ్చింది. కనీసం తెలిసింది. స్టెప్నీ ఉన్న కారు అడిగితే కౌంటర్లో అబ్బాయి నన్ను వింతగా చూశాడు, మూడు డిక్కీలు తెరిచాక నాలుగోదాంట్లో దొరికింది.

అల్లపూల్‌లో లైన్లో పెట్టి నిలబడ్డాం, ఓడ వచ్చి నోరు తెరిచింది, లోపల్నుంచి లారీలు ఒకటీ రెండూ కాదు వస్తూనే ఉన్నాయి. నాన్న కారు దిగి చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూసి "ఇది పంటు కాదురా, పది పంటుల్ని మింగేస్తుంది" అన్నారు. లోపల పసుపు కోటు ఆయన చేత్తో రా రా అంటూ ముందు కారుకి జానెడు దూరం వరకు రప్పించాడు, నాకు చెమటలు. గేర్లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, లిఫ్ట్ పక్కనే దిగి అమ్మని పైకి తీసుకెళ్ళాం. అవోమిన్ వేసుకుంది, ఉసిరికాయ కూడా, బజ్జుంది.

అరగంటకి మైకులో ఏదో కారు అలారం మోగుతోంది, ఫలానా నంబరు కారు ఓనర్ రావాలి అని చదివారు. ఎవరో పాపం అనుకుని టీ తాగుతున్నాను. రెండోసారి చదివారు. మా ఆవిడ తాళానికి వేలాడే రెంటల్ ట్యాగ్ తిప్పి చూసి "ఏవండీ ఇది మనదే" అంది. ఓడ ఊగినప్పుడు లోపలి సెన్సార్ కదలిక అనుకుని అరుస్తుందట. ఏనైన్ గారు ఫోటో తీసుకోమంది ఇందుకే, నేను తీయలేదు! వాళ్ళ మనిషి ఒకాయన నన్ను కిందికి తీసుకెళ్ళి తాళం బటన్ రెండుసార్లు నొక్కించాడు, సెన్సార్ ఆగి తలుపులు మాత్రం లాక్ అయ్యాయి. అన్ని కార్లకీ అలా కాదట, తీసుకునేటప్పుడే అడగండి.

లస్కెన్‌టైర్ గురించి ఏం చెప్పనండి, పోటు తగ్గినప్పుడు ఇసుక అలా కిలోమీటర్ల మేర పరుచుకుని, దాని మీద పల్చగా నీళ్ళు, అవతల కొండల మీద వాన, మా మీద ఎండ. నాన్న పంచె ఎగ్గట్టి నీళ్ళలో దిగి అర నిమిషంలో బయటికొచ్చేశారు, మంచు నీళ్ళు. అమ్మ మాత్రం బీచ్ కన్నా కాలనిష్ రాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఉంది, ఐదువేల ఏళ్ళ నాటివి అంటే చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది. ఆదివారం ఇంట్లోనే కూర్చుని పప్పన్నం, గోంగూర పచ్చడి. సోమవారం గాలికి పొద్దున్న ఓడ ఆపేశారు, సాయంత్రం దాంట్లో ఎక్కించారు. గురువారం ఫ్లైటు కాబట్టి నిద్ర పట్టింది, లేకపోతే ఆ రేవులోనే నాకు బీపీ వచ్చేది.

గోంగూర_గ్లాస్గో:

సూపర్ అన్నా. కారు తిరిగిచ్చేటప్పుడు ఏమన్న పైసలు గుంజిండ్రా?

కోనసీమ_కుర్రాడు:

గీతలు లేవు, టైర్లు బావున్నాయి. కానీ ఇసుక! మ్యాట్ల కింద, సీట్ల పట్టాల్లో, అమ్మ చెప్పుల సంచిలో, ఎంత దులిపినా వస్తూనే ఉంది, సన్నగా పిండిలా ఉంటుంది అది. ఇసుక ఉంటే క్లీనింగ్ చార్జ్ వేస్తారని ఇన్వర్‌నెస్ దాటాక పెట్రోల్ బంకులో ఆగి వాక్యూమ్ పట్టాం, నాలుగుసార్లు నాణేలు వేయాల్సి వచ్చింది. చిల్లర దగ్గర పెట్టుకోండి.